అప్పలసూరి హోటలు గోడ మీద దేశం

మా దేశానికి స్వతంత్రం వచ్చిన కొత్తలో అందరికీ అన్నీ తెలుసు, దేశం ఎక్కడిదాకా ఉందో తప్ప. దొరలు వెళుతూ వెళుతూ తాళాలిచ్చారు గాని ఇంటికి ఎన్ని గదులో చెప్పలేదు. నడుమ నడుమ రాజుల సంస్థానాలు, తీరం వెంబడి వేరే దొరల రేవులు, తూర్పున పొరుగు దేశంతో తేలని కొండలు. పటం చూస్తే పురుగు తిన్న వంకాయలా ఉండేది. తర్వాత ఒక్కో రాజూ దేశంలో చేరుతూ వచ్చాడు. ఒకాయన పొద్దున చేరాడు. మధ్యాహ్నం భోంచేసి, పడుకుని లేచి, మనసు మార్చుకున్నాడు. తన కారుకున్న వెండి హారను తనకే ఉంచుతామని హామీ దొరికాక సాయంత్రం మళ్లీ చేరాడు. బడిపిల్లలు గీసిన దేశం పరీక్షనాటికి ఒకలా, పేపర్లు దిద్దేనాటికి ఇంకోలా ఉండేది. మా ఊరి బళ్లో పంతులుగారు ఈ బాధ పడలేక పటం కింద "ప్రస్తుతానికి ఇంతే" అని రాయించేవారు.

ఇలాగైతే లాభం లేదని ప్రభుత్వం ఒక చట్టం చేసింది. నలుగురికీ కనిపించే చోట దేశపటం ఏదున్నా అది ఆనాటి సరిహద్దులతో సరిపోవాలి. లేకపోతే జైలు. మొదట్లో పట్టుబడినవాళ్లంతా "అది నేను గియ్యలేదండీ" అని తప్పించుకున్నారు. దాంతో చట్టానికి సవరణ వచ్చింది. "ఏ ఉపరితలముపైనైనను, ఎవరు గీసినను, ఎవరూ గీయకపోయినను, దేశాకృతిని స్ఫురింపజేయు ప్రతి రూపమును పటముగనే పరిగణింపవలెను." ఈ 'ఎవరూ గీయకపోయినను' అన్న మాట రాసిన పెద్దమనిషికి ఆ ఏడు బిరుదు కూడా ఇచ్చారు.

ఆ మాట రాజధానిలో పుట్టి, నాలుగు జిల్లాలు దాటి వచ్చి, మా ఊళ్లో అప్పలసూరి మీద పడింది.

అప్పలసూరిది రైలు స్టేషనెదుట హోటలు. తను బయట గల్లాపెట్టె దగ్గర కూచుంటాడు. లోపల పొయ్యి, పిండి, అంట్లు అన్నీ భార్య పైడమ్మవి. ఆమె చేసిన పెసరట్టు కోసం దిగవలసిన స్టేషను కాకపోయినా దిగేవాళ్లుండేవారు. హోటలుకు వెనకవైపుది మట్టిగోడ, పైన సున్నపు గచ్చు. దాని అవతల పెరట్లో అంట్లు తోముతారు. ఏళ్ల తరబడి ఆ నీళ్ల చెమ్మ గోడకెక్కి, లోపలివైపు గచ్చు పెళ్లలు పెళ్లలుగా రాలింది. రాలగా రాలగా ఒకనాటికి అచ్చం దేశం ఆకారం వచ్చింది. పైన కొండల వంకర, పడమట సముద్రపు నొక్కు, కింద ముక్కు. చూసినవాళ్లు "భలే ఉందే" అని నవ్వుకుని అట్టు తిని వెళ్లేవారు.

పైడమ్మ మాత్రం నవ్వేది కాదు. చిన్నప్పుడు గాలివానలో గోడ కూలి ఆమె అన్న పోయాడు. అప్పటినుంచి ఆమెకు చెమ్మగోడంటే భయం. "వానలు పడకముందే ఈ గోడ తీయించి కొత్తది కట్టించయ్యా" అని మొగుణ్ని రోజూ పోరేది. ఆ పోరు పడలేక అప్పలసూరి చివరికి తాపీమేస్త్రీ గవరయ్యను పిలిచి మాట్లాడాడు. గవరయ్య సోమవారం వస్తానన్నాడు. జాతీయ పట పరిరక్షణ శాఖ ప్రాంతీయాధికారి పరాంకుశరావుగారు శనివారమే వచ్చేశారు.

పరాంకుశరావుగారు పొట్టిగా, గుండ్రంగా, గ్లోబుకు చొక్కా తొడిగినట్టు ఉంటారు. రైలు మారడానికి దిగి, పెసరట్టు తెప్పించుకుని, మొదటి ముక్క నోట్లో పెట్టుకోబోతూ గోడవైపు చూశారు. ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"ఈ పటం ఎవరిది?"

"పటమేటి బాబూ, గోడండి. గచ్చు రాలిపోనాది" అన్నాడు అప్పలసూరి.

"రాలడం కాదు. ఆవిర్భావం." ఆయన ఎడంచేత్తో కళ్లజోడు సవరించుకుని గోడ దగ్గరికి వెళ్లారు. "మల్లగిరి సంస్థానమేదీ?"

"ఎక్కడుందో నాకేటి తెలుసు బాబూ? ఎదురుగా టేసనున్నా నానెప్పుడూ రైలెక్కనేదు."

"కిందటి నెల మల్లగిరి సంస్థానం మాతృభూమిలో విలీనమైనది. ఇక్కడ చూడు. ఇంకా తెల్లగా, విడిగా, ధిక్కారంగా నిలిచియున్నది. నీ గోడ ఇంకా రాజరికంలో ఉన్నదయ్యా!"

నిజమే. నడిబొడ్డున ఒకచోట రూపాయి బిళ్లంత గచ్చు రాలకుండా ఉండిపోయింది. అది రాజద్రోహమని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు.

"ఎల్లుండి మేస్త్రీ వస్తన్నాడు బాబూ, గోడ మొత్తం తీయించేస్తాం" అంది పైడమ్మ లోపల్నుంచి.

పరాంకుశరావుగారు ఉలిక్కిపడ్డారు. "దేశాన్ని తీయించేస్తావా? అమ్మా, ఆ మాట నేను వినలేదు. వినియుంటే నిన్ను ఇక్కడినుంచే తీసుకుపోవలసి వచ్చును."

అప్పలసూరి పొయ్యి దగ్గరికి పరిగెత్తి అట్లకాడ తెచ్చి, బల్ల ఎక్కి, ఆ తెల్ల బిళ్లను గీకేశాడు. రాజుగారితో నిజంగా జరిగిన రాయబారాలకు ఏడాది పట్టిందట. అట్లకాడతో ఒక్క గీకుకే మల్లగిరి విలీనమైపోయింది. తినేవాళ్లంతా ఎంగిలి చేతుల్తోనే చప్పట్లు కొట్టారు. పరాంకుశరావుగారు చల్లారిన అట్టును సంతృప్తిగా తిని, గోడను ధ్రువీకృత జాతీయ పటంగా ప్రకటించి, పైన రేకుపలక కొట్టించారు. ఇక ఆ గోడకు సున్నం వేయరాదు, మేకు కొట్టరాదు, ఆనుకుని కూర్చోరాదు. సోమవారం వచ్చిన గవరయ్య ఆ పలక చదివించుకుని, తాపీ చంకన పెట్టుకుని వచ్చినదారినే పోయాడు.

మొదట్లో అప్పలసూరికి ఇదంతా బాగానే ఉంది. గోడను చూడ్డానికి పక్క ఊళ్లనుంచి జనం వచ్చారు. వచ్చినవాళ్లు ఊరికే పోరు కదా, కాఫీ తాగేవారు. ఎవరి జిల్లా కింద వాళ్లు కూచోవాలని పట్టుబట్టేవారు. ఒకాయన అత్తవారి ఊరి కింద తప్ప ఎక్కడైనా సరే అన్నాడు. అప్పలసూరి తెల్ల టోపీ ఒకటి కొనుక్కుని, చేతికర్రతో గోడ చూపిస్తూ, ఎరగని నదులన్నిటికీ పేర్లు చెప్పేవాడు. రాత్రిళ్లు పైడమ్మతో "ఒలే, మనిల్లు దేశమైపోనాదే" అనేవాడు.

"ఇల్లు ఇల్లుగా ఉంటే సాలయ్యా" అనేది పైడమ్మ.

దేశం మాత్రం ఊరుకోలేదు. ముందు తీరంలోని ఆ వేరే దొరలు నీలిరేవు వదిలిపోయారు. ఆ రేవు గోడ మీద పడమటి అంచున గచ్చుబొబ్బలా ఉండేది. బడిపిల్లలు పాట పాడుతుండగా, పరాంకుశరావుగారు గడియారం చూసి "ఊఁ" అనగా, అప్పలసూరి దాన్ని గీకాడు. పెళ్ల వచ్చి పక్కనున్న చట్నీగిన్నెలో పడింది. విముక్తి పొందిన భూభాగం గనక దాన్ని పారబొయ్యడానికి వీల్లేదన్నారు. ఆ గిన్నె మూతపెట్టి శాఖవాళ్లే పట్టుకుపోయారు.

తర్వాత పొరుగు దేశంతో కొండల మార్పిడి జరిగింది. ఇటు కొంత వచ్చింది, అటు కొంత ఇవ్వాలి. వచ్చినదానికి అట్లకాడ చాలు. ఇచ్చినదాన్ని మాత్రం సున్నంతో మళ్లీ కప్పాలి. గవరయ్యను పిలిపించారు. అతను తాపీ కింద పెట్టేశాడు.

"నా సేత్తో దేశం ముక్క కప్పీమంటారేటి బాబూ? రేపు నా పిల్లలు నన్నేటంటారు?"

"ఇది అప్పగింత కాదయ్యా. సౌహార్ద పునర్లేపనం" అన్నారు పరాంకుశరావుగారు.

గవరయ్యకు అది అర్థం కాలేదు గాని, అంత పెద్ద మాట వెనక తప్పుండదనుకుని కళ్లు మూసుకుని రెండు పూతలు పూశాడు. కళ్లు మూసుకున్నందువల్ల పూత కొంచెం ఎక్కువైంది. ఆ ఎక్కువను తడారకముందే గోటితో గీకి స్వాధీనం చేసుకోవలసి వచ్చింది.

ఇలా గీకడాలు, పూయడాలు జరుగుతుంటే అవతలినుంచి గోడ మెత్తబడుతూనే ఉంది. ఒకనాడు పైడమ్మ పరాంకుశరావుగారి ముందుకు వచ్చి నిలబడింది.

"బాబూ, మీరు పెద్దోరు. ఒక్కసారి సెయ్యెట్టి సూడండి. గోడ కడుపుబ్బినాది. నీల్లు తాగీసినాది. కూలిపోద్ది బాబూ."

ఆయన చెయ్యి పెట్టి చూశారు. ముఖం వికసించింది. "ఉత్తరభాగమున ఉబ్బినది గదా! అక్కడ వాస్తవంగానే పర్వతములున్నవమ్మా. ఎత్తుపల్లాలు సైతము స్వయముగా ఏర్పడుచున్నవి. రాజధానిలో కూడా ఇంతటి పటం లేదు."

పైడమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట ఇడ్లీలు రాళ్లలా వచ్చాయి. ఆమె చేతిలో అలా రావడం మేమెవరం ఎరగం.

వానలు మొదలయ్యాయి. నాలుగు రోజులు తెరిపి లేదు. అయిదోనాడు హోటలు తలుపు తీసేసరికి దేశం తూర్పుకు జానెడు పెరిగి ఉంది. తూర్పున కిటికీ దాకా గోడంతా పొరుగు దేశం కిందే లెక్క. అంటే మనవాళ్లు తెల్లారేసరికి వాళ్ల రాజధాని దాటి, కిటికీ ఊచల దగ్గర ఆగారు.

కబురందుకుని వచ్చిన పరాంకుశరావుగారు మొదట మురిసిపోయారు. తర్వాత ఈ సంగతి పైకి ఎలా రాయాలో తోచక గల్లాపెట్టె పక్కన కూలబడ్డారు. ఈలోగా పొరుగు దేశపు దౌత్యాధికారి చిత్రసేనులవారు రైలు దిగనే దిగారు. సన్నగా పొడుగ్గా, మడత నలగని కోటుతో, ఎప్పుడూ ఎవరో అవమానించినట్టుండే మనిషి. కాఫీ కూడా పుచ్చుకోకుండా గోడ ముందు నిలబడి నిరసన చదివారు.

"మీ దేశము మా దేశములోనికి ఒక జానెడు చొరబడినది."

"అది మా విధానము కాదు. చెమ్మ" అన్నారు పరాంకుశరావుగారు.

"ఆ చెమ్మకు మీ ప్రభుత్వ ప్రోత్సాహమున్నదా, లేదా?"

అంతలో గోడ అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు, దాంతోపాటు భళ్లున నీళ్లు కుమ్మరించిన చప్పుడు వినిపించాయి. చిత్రసేనులవారు వేలు పైకెత్తారు. "అదిగో, ఈ క్షణమున కూడా దురాక్రమణ కొనసాగుచున్నది."

ఉమ్మడి సరిహద్దు సంఘం ఏర్పడింది. ఇద్దరే సభ్యులు. ఇద్దరూ రోజూ పొద్దున్నే హోటల్లో కూచుని, ఇడ్లీతో మొదలుపెట్టి ఉప్మాతో విరామం తీసుకుని చర్చించేవారు. మొదటివారం 'జానెడు' అంటే ఎవరి జానెడో తేల్చారు. రెండోవారం పెరటి తూమును అంతర్జాతీయ నదిగా గుర్తించారు. మూడోవారం ఒప్పందం కుదిరింది. ఇకమీదట పైడమ్మ ఆ నదీపరీవాహక ప్రాంతంలో అంట్లు తోమరాదు.

ఒప్పందాన్ని పరాంకుశరావుగారు చదివి వినిపించారు. పైడమ్మ గరిటెతోనే ముందుకు వచ్చింది.

"అంట్లు తోమకుండా రేపు ఇడ్లీలు దేంట్లో ఎట్టమంటారు బాబూ? మీ పటంలోనా?"

ఇద్దరు అధికారులూ ఒప్పందాన్ని మళ్లీ మొదటినుంచి తిరగేశారు. ఒప్పందంలో ఈ అంశం చర్చకు రాలేదు.

"పోనీ, గోడ తీసీసి కొత్తది కడతాం. అప్పుడు చెమ్మే ఉండదు గదా" అన్నాడు అప్పలసూరి. టోపీ అప్పటికే మానేశాడు.

"సరిహద్దులను తొలగించుటకు రెండు దేశాల చట్టసభలును ఆమోదించవలెను" అన్నారు పరాంకుశరావుగారు.

"మా చట్టసభ ప్రస్తుతము రద్దయి ఉన్నది" అన్నారు చిత్రసేనులవారు.

ఆ మధ్యాహ్నం గిరాకీ తగ్గాక అప్పలసూరి లోపలికి వెళ్లేసరికి పైడమ్మ పొయ్యి ముందు ఊరికే కూచుని ఉంది. పొయ్యిలో మంట లేదు.

"వాన తగ్గిపోతాదిలేయే. రెండ్రోజులు ఓపిక పట్టు" అన్నాడు.

"మా అన్న కూడా అదే అన్నాడయ్యా" అంది పైడమ్మ. "అమ్మ బయటికి రమ్మంటే, వాన తగ్గనీ అన్నాడు."

అప్పలసూరికి పెళ్లయి అన్నేళ్లయినా ఆ మాట అప్పుడే వినడం. ఆమె అన్న పోయాడని తెలుసు గాని ఎలా పోయాడో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. బల్లలున్న గదిలోకి వచ్చి ఒక బల్ల ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. పైడమ్మ వెనకే వచ్చి రెండోది పట్టుకుంది. కాఫీ తాగుతున్న నేనూ లేచి ఒక చెయ్యి వేశాను. సాయంత్రానికి బల్లలన్నీ వీధివైపు తాటాకు పందిరి కిందికి వచ్చేశాయి. పొయ్యి కూడా అక్కడే వెలిగించారు.

మర్నాడు సంఘం సభ్యులిద్దరూ గొడుగులతో వచ్చి మామూలుగా లోపలికి నడవబోయారు.

"లోపల వడ్డించను" అంది పైడమ్మ.

"అమ్మా, సంఘం సమావేశస్థలం లోపలే అని ఒప్పందంలో ఉన్నది" అన్నారు పరాంకుశరావుగారు.

"సమావేశం లోపల సేసుకోండి బాబూ. అట్లు మాత్రం ఇక్కడే."

లోపల సరిహద్దు, బయట అల్లం వాసన. చిత్రసేనులవారు కోటు విదుల్చుకుని ముందుగా వచ్చి పందిరి కింద కూచున్నారు. ఒక దేశం కూచున్నాక రెండోది నిలబడితే బాగుండదని పరాంకుశరావుగారూ కూచున్నారు.

రెండో అట్టు సగంలో ఉండగా గోడ కూలింది. పెద్ద చప్పుడేం కాలేదు. తడిసిన మనిషి బరువుగా కూచున్నట్టు ఒక్క మూలుగు, తర్వాత బురద చింది వీధి దాకా వచ్చింది. కొండలు, రేవులు, సంస్థానాలు, పొరుగు దేశం అన్నీ ఒకే మట్టికుప్పై పడ్డాయి. ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేరు. నిన్నటిదాకా బల్లలున్నచోట దూలం ఒకటి అడ్డంగా పడి ఉంది. అప్పలసూరి పైడమ్మ చెయ్యి పట్టుకున్నాడు. నలుగురూ చూస్తున్నారన్న సంగతి కూడా మరిచిపోయాడు. పైడమ్మ ఆ దూలంవంక చాలాసేపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, పెనం మీద మాడుతున్న అట్టు తిరగేసింది.

పరాంకుశరావుగారు స్టేషనుకు పరిగెత్తి రాజధానికి తంతి కొట్టించారు. కంగారులో క్లుప్తంగా కొట్టించారు. "దేశం కూలినది. ప్రాణనష్టం లేదు. తదుపరి ఆదేశాలకై ఎదురుచూచుచున్నాను."

తంతి అందాక రాజధానిలో రేడియో మధ్యాహ్నమంతా వీణ ఒక్కటే వాయించిందట. ఇద్దరు మంత్రులు ముందుజాగ్రత్తగా రాజీనామా చేసి ప్రతిపక్షంలో చేరారు. సాయంత్రానికి ఎవరికో అనుమానం వచ్చి "ఏ దేశం?" అని తంతి కొడితే "గోడ మీదిది" అని ఇక్కడినుంచి జవాబు వెళ్లింది. రాజీనామాలు వెనక్కి తీసుకున్నారు. ఆదేశం వచ్చింది. "గోడను యథాతథముగా నిలబెట్టవలెను. సరిహద్దులలో మార్పు రాకుండుట స్వయముగా పరీక్షించి ధ్రువీకరింపవలెను."

గవరయ్య ఈసారి ఎర్ర ఇటుకలతో కట్టాడు. పైడమ్మ పక్కన నిలబడి "ఇక్కడ కాదు, అక్కడ" అని చెప్పి కట్టించుకుంది. పైన తెల్లటి సున్నం, ఎక్కడా మచ్చ లేదు. సంఘం సభ్యులిద్దరూ లోపలికి వచ్చి గోడను పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి పరీక్షించారు. మన దేశం కనబడలేదు. వాళ్ల దేశమూ కనబడలేదు.

"ఏ దేశమూ ఏ దేశములోనికీ చొరబడలేదు. మీకు స్వతంత్రం వచ్చిన తర్వాత మా ప్రభుత్వానికి పూర్తిగా సమ్మతమైన తొలి సరిహద్దు ఇదే" అన్నారు చిత్రసేనులవారు. ఆయన నవ్వడం అప్పుడే చూశాం. ఇద్దరూ సంతకాలు చేశారు. సరిహద్దులు ఎక్కడివక్కడే యథాతథముగా ఉన్నవని, ఇకపై వివాదము లేదని రెండు దేశాల ముద్రలూ పడ్డాయి. ఆ పూట ఇద్దరూ ఒకే విస్తరిలో తిన్నంత పని చేసి, ఎదురెదురు రైళ్లెక్కి వెళ్లిపోయారు.

వారం తిరక్కుండానే మున్సిపాలిటీ ఓవర్సీరు భానోజీరావు వచ్చాడు. బయట పందిరి కిందున్న బల్లలన్నీ మళ్లీ లోపలికి చేరి, వాటికి తోడు కొత్త బల్లల వరస కూడా పడింది. అయినా నడవడానికి బోలెడు చోటుంది. ఓవర్సీరు అటూ ఇటూ అడుగులు వేసి, కిటికీలోంచి వెనక్కి తొంగిచూసి, తల గోక్కున్నాడు.

"పైడమ్మా, మీ పెరటి వెనకాల మున్సిపాలిటీ జాగా ఉండాలి కదా. తుమ్మచెట్లుండేవి. గోడ అందులోకి పోయి కట్టినట్టున్నారే?"

అప్పలసూరి గల్లాపెట్టెలోకి తల దూర్చేశాడు. పైడమ్మ మాత్రం తొణక్కుండా పెసరట్టు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నాకేటి తెలుస్తాది బాబూ? రెండు దేశాలోళ్లు వచ్చి సూసి, సరిహద్దు ఈసమెత్తు కూడా మారనేదని ముద్దర్లు ఏసి పోనారు. ఇంక మునిసిపాలిటీ మారినాదంటే మల్లీ ఆళ్లని పిలిపించాల. పిలిపించమంటారా?"

ఓవర్సీరు కిటికీవైపు చూశాడు, గోడవైపు చూశాడు, అట్టువైపు చూశాడు. ఎవరినీ పిలిపించనక్కర్లేదని చెప్పి, ఇంకొంచెం అల్లం పచ్చడి వెయ్యమన్నాడు.